సీజనుకు ముందు ఒక్క రోజు

ఎత్తైన కొండల నడుమ ఉన్న ఊళ్లకు వేసవిలో మనమంతా విహారానికి వెళతాం. గది తలుపు తీయగానే తెల్లని దుప్పటి, మడత నలగని దిండు గలీబు సిద్ధంగా ఉంటాయి. వాటిని ఉతికి ఆరేసిన మనిషి ఆ కొండ ఎప్పుడైనా ఎక్కిందా అని మనలో ఎంతమందిమి అడిగి ఉంటాం?

అలాంటి ఒక లాడ్జిలో దుప్పట్లు ఉతికే ఆవిడ ఉండేది. ప్రతిదీ అడిగి తెలుసుకోనిదే ఊరుకోదు కాబట్టి మొగుడు ఆమెకు ‘ప్రశ్నలపుట్ట’ అని పేరు పెట్టాడు. అందరి నోటా అదే స్థిరపడింది. అతను జీపు డ్రైవరు. యాత్రికులను నడకదారి మొదట్లో దింపి, సాయంత్రం వెనక్కి తెస్తాడు. వాళ్లు బురద బూట్లతో, ఎండకు కమిలిన ముఖాలతో దిగి, గట్టు వెనకున్న సరస్సు గురించి కథలు కథలుగా చెప్పుకునేవారు. డాబా మీద దుప్పట్లు ఆరేస్తూ ఆమె ఒక చెవి అటే పడేసేది.

ఆ ఏడు చలి తగ్గి, చూరు మీది మంచు చుక్కలు చుక్కలుగా కారుతున్న రోజుల్లో, భోజనాల దగ్గర మొగుణ్ణి అడిగింది.

“ఏవయ్యా, ఆ సరస్సు ఎలా ఉంటుంది?”

“నీలంగా, అద్దంలా. ఆకాశం అందులో ముఖం చూసుకుంటున్నట్టుంటుంది,” అన్నాడతను, జీపులో రోజూ వల్లించే మాటలే అప్పజెబుతూ.

“దారిలో వాగుందట. వంతెన ఉందా, రాళ్ల మీద దాటాలా?”

“ఉంటుందిలే ఏదో ఒకటి.”

“నువ్వసలు చూశావా?”

నోటి దగ్గరికి వెళ్లిన ముద్ద ఆగిపోయింది. “సీజనులో బండి దిగే తీరికెక్కడిదే? సీజనయ్యాక దారి మంచులో మూసుకుపోతుంది. ఫొటోలో చూశాలే,” అని నసిగాడు.

ఆమె పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఆగింది. “అయితే సీజనుకు ముందే వెళ్దాం,” అంది.

మర్నాడు ఇద్దరూ అటవీ కాపలాదారు గదికి వెళ్లారు. ప్రశ్నలపుట్ట పగిలింది. ఏ దారి తెరుచుకుంది? మంచు గట్టిగా ఉందా? కళ్లకు నల్లద్దాలు కావాలా? ఆ పెద్దాయన విసుక్కోలేదు సరికదా, సంబరపడ్డాడు. “ఎండ పడే వైపు నుంచే ఎక్కండమ్మా. నీడవైపు మంచు ఇంకా జారుతోంది. పొద్దెక్కితే మంచు కరిగి వాగు పొంగుతుంది. సరస్సు అందినా అందకపోయినా మధ్యాహ్నంలోపు వాగు ఇవతలికి వచ్చెయ్యాలి. పొడి మేజోళ్లు ఒక జత మర్చిపోకండి.”

ఇక మిగిలింది సెలవు.

“సీజను నెత్తిమీదకొచ్చాక సెలవా?” లాడ్జి యజమానురాలు కళ్లజోడు తీసి చూసింది. “అయినా కొండలు చూడ్డమేమిటే, రోజూ కిటికీలోంచి కనబడుతూనే ఉన్నాయిగా!”

“ఇవతలి వైపే కనబడుతుందమ్మా. సీజనులో సెలవుండదు, తర్వాత దారుండదు. మరి మాకు ఏ రోజున్నట్టు?”

ఆవిడ గోడ మీది క్యాలెండరు వైపు చూసింది. “సరే, ఒక్క రోజే,” అని కళ్లజోడు పెట్టుకుంది.

తెలతెలవారుతుండగా బయల్దేరారు. వాగు రాళ్లు తేలి ఉన్నాయి, సులువుగా దాటారు. ఎక్కుడు మొదలయ్యాక డ్రైవరు కర్ర మీద ఒరిగి, “నా కాళ్లకు గేర్లు లేవే!” అని రొప్పాడు. గట్టు మీదికి చేరి తొంగి చూశారు.

సరస్సు ఇంకా గడ్డకట్టి తెల్లగా ఉంది. ఒడ్డు వెంట మాత్రం సన్నని నీలిగీత. అడుగున ఎక్కడో మంచు బీటవారుతూ గుయ్యిమని మూలిగింది.

“ఇన్నేళ్లూ అందరికీ అబద్ధం చెప్పానన్నమాట!” అన్నాడతను నోరు తెరిచి.

“లోపల చేపలుంటాయా? ఇప్పుడేం చేస్తుంటాయి?”

“ఏమో!” అని, ఈసారి అతనే అడిగాడు: “నువ్వు దుప్పట్లు ఉతికే నీళ్లు ఇక్కణ్ణుంచే వస్తాయంటావా?”

ఆమె మొగుడివైపు కొత్తగా చూసింది. అవతలి ఒడ్డుదాకా వెళ్లాలని ప్రాణం లాగింది. ఎండ చురుక్కుమనగానే తనే లేచింది. వాళ్లు వచ్చేసరికి వాగు అప్పుడే రాళ్లను తడుపుతోంది. చేయీచేయీ పట్టుకుని దాటారు. “ఇంకాస్త కూర్చుంటే ఇవాళ అవతలే కాపురం పెట్టేవాళ్లం,” అన్నాడు డ్రైవరు, తడిసిన మేజోళ్లు పిండుకుంటూ.

మర్నాడు వంటావిడ, ఊడ్చే అమ్మాయి కొండ కబుర్ల కోసం ఆమె చుట్టూ మూగారు. ఉతకాల్సిన దుప్పట్లు అలాగే ఉన్నాయి. గుమ్మంలో యజమానురాలు కనబడేసరికి అందరి నోళ్లూ మూతపడ్డాయి.

“ఆపావేమిటి? మంచు మూలుగుతుందా?” అందావిడ.

అంతా విని, ఉతకని దుప్పట్ల వైపు ఒకసారి చూసింది. “సీజను మొదలయ్యేలోగా తలా ఒక రోజు వెళ్లి రండి. ఆ పెద్దాయన్ని అడిగే వెళ్లండి. ఇన్నాళ్లూ నాకు తోచలేదు,” అంది చివరికి. “ఊరందరూ సేదతీరడానికి పక్కలు పరిచే చేతులకూ సేదతీరే రోజొకటి ఉండాలి. అది మీరు అడిగేదాకా నేను ఆగకూడదు.”