పాలిచ్చే గదిలో కంత

చంటిదానికి పాలిస్తూ తలెత్తిన పెయింటరమ్మకు చెక్కగోడలో కంత, ఆ కంతలో కదులుతున్న కన్ను కనిపించాయి. "బెంచీ మీద పాలిస్తావా, సిగ్గులేదూ? లోపలికి పో!" అంటూ కాసేపటి క్రితం బస్టాండు మేనేజరే ఆమెను ఈ గదిలోకి తరిమాడు.

బస్టాండులో బోర్డులు రాసే ఆమె చెయ్యి ఊరుకుంటుందా? మర్నాడు వెనక చీకటి సందులోకి వెళ్లి, కంత చుట్టూ ఎర్రరంగు దట్టంగా పూసింది. లోపల కూర్చుని తియ్యగా జోలపాట అందుకుంది. కంతలో కన్ను మెరవగానే బయటికొచ్చి, బెంచీ మీదే బిడ్డకు పాలివ్వసాగింది.

మేనేజరు అరుచుకుంటూ వచ్చాడు.

"కంటికి సున్నా ఎవరు చుట్టారు సారూ?" అంది, ప్రయాణికులందరికీ వినబడేలా.

అతను కన్ను తడుముకున్నాడు. వేళ్లు ఎర్రబడ్డాయి. జనం చుట్టుముట్టారు.

"కంత పొడిచింది నేనే తల్లీ," అన్నాడు చేతులు జోడించి. "సిగ్గూ గిగ్గూ అంతా వంక. మిమ్మల్ని లోపలికి తరిమితేనే కదా, నేను చూడగలిగేది!"