ప్రసాదించారు అన్న మాట

పుంగనూరు నుంచి పలమనేరు పోయే బస్సు ఊరు దాటకముందే భవ్య ఉపన్యాసం మొదలుపెట్టింది. పదో తరగతి పిల్ల. గొంతు తగ్గించి, కిటికీ వైపు తిరిగి, బయట టమాటా తోటలకు చెబుతున్నట్టు చెబుతోంది. పక్కన సుధారాణి ఒళ్ళో నోటుపుస్తకం తెరిచి పెట్టుకుని, వరస వెంబడి వేలు జరుపుతోంది.

ఆ రోజు కుప్పంలో వక్తృత్వ పోటీ. విషయం, ‘స్వేచ్ఛకు అర్థం చెప్పిన మహనీయులు’. పిల్లను పోటీకి ఎంచుకుని ఉపన్యాసం తయారుచేసింది లక్ష్మీపతి. హైస్కూల్లో సోషల్ చెప్పేవాడు, సుధారాణి భర్త. ఆయన పోయి నాలుగు నెలలైంది. సుధారాణి అదే బడిలో తెలుగు చెబుతుంది. పిల్లను తనే తీసుకుపోతానని హెడ్మాస్టరును అడిగింది. ఎందుకో చెప్పలేదు. ఆ నోటుపుస్తకంలోని నాలుగు పేజీలు ఆయన కడసారి కుదురుగా చెప్పిన మాటలు. అవి అక్షరం తేడా లేకుండా ఒక్కసారి పదిమంది ముందు వినబడాలి. బహుమతి వచ్చినా రాకపోయినా ఆమెకు ఒకటే.

“…ఈ మహనీయులు మనకు స్వేచ్ఛను…” భవ్య ఆగిపోయింది.

“ప్రసాదించారు,” అని సుధారాణి అందించింది.

“గుర్తుండాది మేడం. నోరు రాలేదు.”

“ఎందుకు?”

“ప్రసాదం అంటే గుళ్ళో పెట్టేది కదా మేడం.”

“ఇక్కడ దయతో ఇచ్చారని అర్థం. గౌరవంగా చెప్పే మాట.”

“అదే మేడం. మా బయ్యమ్మవ్వ చిన్నప్పుడు వాళ్ళ ఊళ్ళో గుడి బయటే నిలబడల్లంట. కొంగు పడితే పైనుంచి ఏసేవాళ్ళంట, చెయ్యి తగలకుండా. అవ్వ ఇప్పుటికీ ప్రసాదం తినదు. కడుపు నిండిందంటాది.”

ఇంతలో కండక్టరు రంగప్ప టికెట్ల మిషను పట్టుకుని వచ్చాడు.

“యాడికమ్మా? పలమనేరా? ఆధార్ సూపించండి.” ఆడవాళ్ళకు డబ్బు లేకుండా ఇచ్చే జీరో టికెట్లు రెండు కొట్టి ఇస్తూ భవ్య వైపు చూశాడు. “ఏం పాపా, స్వేచ్ఛ స్వేచ్ఛ అంటాండావు పొద్దున్నుంచీ! బస్సు ఉత్తనే ఎక్కనిచ్చినాం కదా, ఇంకా యాడ తక్కువైంది మీకు?”

“టికెట్టే ఉత్తది మామా, సీటు కాదు. మా ఊరి నుంచి పుంగనూరు దాకా నిలబడుకోనే వచ్చినా.”

“అబ్బో! ఈ పాపకు ప్రైజు రాకుంటే సూడు,” అని నవ్వుకుంటూ వెనక సీట్ల వైపు పోయాడు.

భవ్య మళ్ళీ మొదటినుంచి అందుకుంది. సముద్రం ఒడ్డున వంగి ఉప్పు చేతిలోకి తీసుకున్న గాంధీ. దళితులను ముట్టనివ్వని మహద్ చెరువులో దిగి దోసిట నీళ్ళు పట్టిన అంబేడ్కర్. దారిలో రాళ్ళూ పేడా విసిరినా ఆగకుండా బడికి పోయి ఆడపిల్లలకు చదువు చెప్పిన సావిత్రీబాయి ఫూలే. అక్కడిదాకా గొంతు గలగలా వచ్చింది. ఆ వాక్యం దగ్గరికి రాగానే మళ్ళీ సన్నబడింది.

“మేడం, తప్పుగా అనుకోవద్దండి. ఉప్పు ఆయనకు ఎవురూ ఇయ్యలేదు కదా. ఆయనే వంగి తీసుకున్నాడు. నీళ్ళూ అంతే. ఆయమ్మ చదువూ అంతే. వాళ్ళు ఎవురి దగ్గరా చెయ్యి చాపలేదు. మనం మాత్రం యాల చాపల్ల?”

“భవ్యా, ఇది సార్ చెప్పిన ఉపన్యాసం. మార్చడానికి నువ్వెవరు, నేనెవరు?”

మాట అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. పిల్ల తల దించుకుంది. “సరే మేడం,” అంది. కొంచెం దూరం పోయాక, తనలో తాను అనుకున్నట్టు అంది: “క్లాసులో సార్ నోట ఆ మాట ఎప్పుడూ వినలేదు మేడం. అందుకే అడిగినా.”

సుధారాణి జవాబు చెప్పబోయి నోటుపుస్తకంలోకి చూసింది. నాలుగు నెలలుగా రోజూ చూస్తున్న పేజీయే. గుండ్రటి అక్షరాలు, ఒత్తులు సరిగ్గా, వాక్యం చివర చుక్కలు సరిగ్గా. ఆయన రాత కాదు. తనది.

మదనపల్లె ఆసుపత్రిలో ఆయనకు పెన్ను పట్టుకునే ఓపిక లేదు. మధ్యాహ్నాలు దిండుకు ఆనుకుని చెప్పేవాడు, ఆమె స్టూలు మీద కూర్చుని రాసేది. ఆయన పుంగనూరు మాటలో చెప్పేవాడు. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళుగా ఆయన రాతకోతలన్నీ ఆమె చక్కదిద్దుతూనే ఉంది. సెలవు చీటీలు, ఆఫీసుకు పంపే జవాబులు. ‘నా మాటకు ఇస్త్రీ చేస్తాండావు సుధా’ అనేవాడు. ఆసుపత్రిలోనూ చెయ్యి అలవాటుగా అదే పని చేసింది. ఆయన ఒకటి అన్నాడు, ఆమె చెవిలో అది మోటుగా పడింది, వేదిక మీద చెప్పేది కదా అని ఆమె ‘ప్రసాదించారు’ అని రాసింది. ఆయనకు చదివి వినిపించలేదు. అప్పటికే కళ్ళు మూతలు పడుతున్నాయి.

ఆయన అన్నదేమిటి?

పలమనేరులో దిగారు. కుప్పం బస్సుకు ఇంకా అరగంట ఉంది. భవ్య బెంచీ మీద కూర్చుని బన్ను తింటోంది. సుధారాణి టీ గ్లాసు పట్టుకుని నిలబడింది. ‘సూపించినారు’ అన్నాడా? ‘తెచ్చినారు’ అన్నాడా? ‘నేర్పినారు’ అయితే తను మార్చేదే కాదు, అది మంచి మాటే. గది గుర్తుంది. కిటికీ రెక్కకు ఆరేసిన తువ్వాలు గుర్తుంది. ఆ మాట అంటూ ఆయన గొంతు తడుపుకోవడానికి నీళ్ళు అడగడం కూడా గుర్తుంది. మాట మాత్రం రాలేదు. దాని చోట తను రాసిందే అడ్డంగా నిలబడింది.

టీ చల్లారిపోయింది. గ్లాసు తిరిగిచ్చేసి పిల్ల పక్కన కూర్చుంది.

“ఆ మాట సార్‌ది కాదు భవ్యా. నాది. ఆయన చెబుతుంటే నేను మార్చి రాశాను.”

భవ్య నమలడం ఆపింది. “మరి సార్ ఏమన్నారు మేడం?”

“మరిచిపోయాను.”

పిల్ల మిగిలిన బన్నును కాగితంలో చుట్టింది. “ఇప్పుడు ఏం చెప్పల్ల మేడం?” అని అడిగింది.

“నేను చెప్పను. ఒకసారి ఆయన బదులు చెప్పి చూశాను కదా.”

కుప్పంలో పోటీ జరిగే బడి వరండాలో బల్ల వేసుకుని వెంకటరమణప్ప అనే మాస్టారు పేర్లు రాసుకుంటున్నాడు. పోటీకి వచ్చినవాళ్ళందరూ ఉపన్యాసం రాతప్రతి ఒకటి ఇవ్వాలి. చెప్పింది ప్రతిలో లేకపోతే మార్కులు తగ్గుతాయి. సుధారాణి సంచిలోంచి సాపు చేసిన కాగితాలు తీసి, నాలుగో పేజీలో ఆ మాట మీద అడ్డగీత కొట్టి బల్ల మీద పెట్టింది.

వెంకటరమణప్ప కళ్ళద్దాలు పైకి జరిపాడు. “ఏం మేడం, కొట్టేసి మళ్ళా ఏమీ రాయలేదే? వాక్యానికి క్రియ లేదు ఈడ.”

“పాప చెబుతుంది సార్.”

“తెలుగు టీచరమ్మ మీరు. మార్కులు పోతాయి, మళ్ళా నన్ను అనొద్దు.”

“పోనివ్వండి.”

భవ్య వంతు పదకొండోది. అప్పటికి హాల్లో పిల్లలు సగం మంది బయట ఆడుకుంటున్నారు. సుధారాణి మూడో వరసలో నోటుపుస్తకం మూసి కూర్చుంది. ఉప్పు, నీళ్ళు, చదువు అన్నీ వరసగా వచ్చాయి. ఆయన కూర్చిన పద్ధతి, ఆయన ఆగే చోట్లు. ఆ వాక్యం వచ్చింది.

“ఈ మహనీయులు మనకు స్వేచ్ఛను…” అని భవ్య ఆగింది. జడ్జీల్లో ఒకాయన గడియారం చూసుకున్నాడు. “ఇయ్యలేదు. మనదాన్ని మనమే యాల అడుక్కోవల్ల అని అడిగినారు, అంతే.”

ఎవరో పిల్లలు ఫక్కున నవ్వారు, ‘ఎందుకు’ అనకుండా ‘యాల’ అన్నందుకు. జడ్జి కాగితం మీద ఏదో గీసుకున్నాడు. భవ్య మిగతాది పూర్తిచేసి, దండం పెట్టి దిగింది.

బహుమతుల్లో ఆమె పేరు లేదు. తిరుగు బస్సులో ఇద్దరికీ సీట్లు దొరికాయి. వి.కోట దాటేదాకా భవ్య కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

“సార్ మాట గుర్తొచ్చిందా మేడం?”

“లేదు.”

“నేను చెప్పింది అదేమో?”

సుధారాణి తొందరపడలేదు. అవునంటే పిల్ల సంతోషిస్తుంది. తనకూ మనసు తేలికవుతుంది. ఆసుపత్రిలో తను చేసిందీ అలాంటి పనే.

“కాదు,” అంది. “అది నీదే.”

నోటుపుస్తకం తెరిచి, తను రాసిన మాటను కొట్టేసింది. దాని పైన ఏమీ రాయలేదు. మార్జిన్‌లో మాత్రం, కదిలే బస్సులో వంకరగా వచ్చిన అక్షరాలతో, ‘ఇక్కడ ఆయన మాట ఒకటి ఉండేది’ అని రాసి, తేదీ వేసింది.