రెండో నొక్కు

ఉదయం పది నలభైకి, ఆపబోతుంటే, ఉష్ణోగ్రతలు రాసే ప్రోగ్రామ్ మళ్లీ చచ్చింది. ఆ వారంలో అది మూడోసారి. ప్రతిసారీ చివరి గంట కొలతలు ఫైల్లోకి ఎక్కకుండానే పోయాయి.

అది విత్తనాల పరీక్షశాల. మొలకల గదిలో వేడిని నిమిషానికోసారి కొలిచి రాయడం ప్రోగ్రామ్ పని. దాన్ని సి భాషలో రాసింది ఆడపడుచు, రోజూ నడిపేది వదిన. మధ్యాహ్నానికల్లా బాగుపడకపోతే ఇక చేత్తోనే రాసుకుందామని పెద్దసారు చెప్పేశాడు. అంటే ఆడపడుచు నాలుగు నెలలు కూర్చుని రాసిందంతా నీళ్లపాలే.

ఆడపడుచు వచ్చి కంట్రోల్, సి మీటలు కలిపి నొక్కింది. అలా నొక్కితే ఆగమని సిస్టమ్ ప్రోగ్రామ్‌కి సిగ్నల్ పంపుతుంది. ప్రోగ్రామ్ దాన్ని అందుకుని, చేతిలో ఉన్న కొలతలు ఫైల్లోకి దించి, బుద్ధిగా ఆగింది. పదిసార్లు నడిపి పదిసార్లు ఆపింది. పాత మెషీన్ మీద ఏడాది నడిచినా పేచీ రాలేదని, ఈ కొత్తది వచ్చి వారమేనని కూడా గుర్తుచేసింది.

"అయితే లోపం నా చేతిలోనే ఉందంటావు," అంది వదిన.

"నీ చెయ్యి పడితే అన్నయ్యే నోరెత్తడు వదినా, ఇదెంత. ఏదీ, రోజూ ఎలా ఆపుతావో అలా ఆపు."

వదిన నొక్కింది. వెంటనే ఇంకోసారి నొక్కింది. ప్రోగ్రామ్ చచ్చింది.

"రెండుసార్లెందుకు?"

"మీ ఇంట్లో ఒక్క పిలుపుకి పలికినవాళ్లెవరు? అలవాటైపోయింది."

ఆడపడుచు కుర్చీ లాక్కుని మాన్యువల్ తెరిచింది. ఆగమన్న సిగ్నల్ వస్తే చావకుండా పట్టుకోమని, సిగ్నల్ అనే పేరున్న ఫంక్షన్‌తో ఆమె పెట్టిన కాపలా పాత మెషీన్ మీద ఎన్ని నొక్కులకైనా కదలదు. కొత్తదాని మీద మొదటి నొక్కుకే సిస్టమ్ ఆ కాపలా ఎత్తేస్తుంది. కొలతలు దించడానికి మూడు సెకన్లు పడుతుంది. ఈలోగా పడ్డ రెండో నొక్కుకు అడ్డు లేదు. ఈ సంగతి ఒక్కో సిస్టమ్‌లో ఒక్కోలా ఉండొచ్చని మాన్యువల్లో ఓ మూల రాసే ఉంది. ఆమె ఇదివరకు ఆ మూల చదవలేదు.

ఆ ఫంక్షన్ తీసి సిగ్‌యాక్షన్ అనే ఇంకోటి పెట్టింది. కాపలా ఉండాలో పోవాలో అందులో మనమే చెప్పొచ్చు, రెండు మెషీన్లూ ఒకేలా వింటాయి. మారింది ఆరు లైన్లు. ముందు పాత మెషీన్ మీద చూసుకుని, పదకొండూ ఇరవైకి కొత్తదాని మీద నడిపింది.

పదకొండూ యాభైకి పెద్దసారు వచ్చి వెనక నిలబడ్డాడు. వదిన నొక్కింది, ఐదుసార్లు. మూడు సెకన్లకు ప్రోగ్రామ్ ఆగింది. ఫైల్లో ముప్పై కొలతలున్నాయి. పెద్దసారు వాటిని తెరమీద వేలు పెట్టి లెక్కపెట్టాడు. రెండో మొలకల గదిలోనూ ఇదే పెట్టమని చెప్పి భోజనానికి వెళ్లాడు.