నడుం దగ్గర పెరిగిన వరసలు

డైనింగ్ టేబుల్ మీద పన్నెండు ఫొటోలు పరిచి ఉన్నాయి. ప్రతి దానిలోనూ గంట ఆకారంలో, ఒంటినిండా రంధ్రాలతో ఒక గుల్ల. అసలు గుల్ల ఆవగింజలో పదో వంతు కూడా ఉండదు. కోటి ఏళ్ళకు పైగా సముద్రపు అడుగున పడి ఉన్న సూక్ష్మజీవి గూడు అది. రేడియోలేరియా అంటారు. పూజిత అండమాన్ రాయిని ఆమ్లంలో నానబెట్టి, కడిగి, వడగట్టి వీటిని ఏరింది.

బొమ్మ గీసే పని అత్తగారు సత్యలక్ష్మికి అప్పగించింది. ఆవిడ పుట్టిల్లు నరసాపురం. పెళ్ళికి ముందు లేసు అల్లేవాళ్ళకు నమూనాలు గీసిచ్చేవారు.

"ఈ కొసన ఉన్నదేంటే?"

"తలండి అత్తయ్యా. దాని కింద ఛాతీ, ఆ కిందది పొట్ట."

"నువ్వు పెట్టావా ఈ పేర్లు?"

"పుస్తకాల్లోనే ఉన్నాయండి. కాళ్ళు కూడా ఉంటాయి, మూడు."

"మీ ఆయనకంటే నయం. రెండున్నా రైతుబజారు దాకా కదలడు."

"వినపడుతోందమ్మా" అన్నాడు హాల్లోంచి గణేష్‌బాబు.

"వినపడాలనే అన్నాను."

పూజిత నవ్వింది కానీ మనసు మనసులో లేదు. ఇది కొత్త ఉపజాతి అని ఆమె నమ్మకం. పొడవు, వెడల్పు, కొమ్ము, అన్నీ కొలిచింది. అన్నీ ఇదివరకే పేరున్న పాత జాతి కొలతల్లోనే పడ్డాయి. రంధ్రాలు మొత్తం లెక్కపెడితే, అంచులు విరిగి ఉండటంతో ఒక్కోదానికి ఒక్కో లెక్క వచ్చింది. "తేడా మాటల్లో చెప్పగలిగితేనే ఉపజాతి. లేదంటే పాత పేరే రాసి, ఆ అధ్యాయం తీసెయ్యండి" అని గైడు వెంకటరాజు మేస్టారు తేల్చేశారు. ఆ అధ్యాయం పోతే థీసిస్‌లో ఆమె సొంతంగా కనిపెట్టిందంటూ ఏమీ మిగలదు. ఫొటోల్లో నీడలున్నాయని, గీతబొమ్మ పంపమన్నది కూడా ఆయనే.

సాయంత్రానికి బొమ్మ వెళ్ళింది. ఆయన వెంటనే ఫోన్ చేశారు.

"బొమ్మ బ్రహ్మాండంగా ఉందమ్మా. పాతదాని పక్కన పెట్టి చూశాను. అచ్చు అదే! ఇంక ఉపజాతి ఎక్కడిది?"

పూజిత ఫోన్ పెట్టేసింది. తరవాత బొమ్మను ఒక ఫొటో పక్కకు జరిపి చూసింది. పైనుంచి కిందికి దిగే రంధ్రాల వరసలను వేలితో లెక్కపెట్టింది. మళ్ళీ లెక్కపెట్టింది.

"అత్తయ్యా, పొట్ట మీద ఎన్ని వరసలు గీశారండీ?"

"తొమ్మిది. ఛాతీ మీద ఎన్నో అన్ని."

"ఫొటోలో పన్నెండున్నాయి కదండీ?"

"ఉన్నాయి. నడుం దగ్గర మూడు వరసలకోటి చొప్పున కొత్త వరస దూర్చేసింది. అలా పెంచితే అంచు ముడతలు పడుతుందే. మా ఊళ్ళో అలాంటి ముక్క తిప్పి పంపేసేవారు. అందుకే నేనే సర్దాను."

"ఈ ఒక్కదానిలోనేనా?"

"ఒకటేంటి? పన్నెండూ అంతే. అన్నీ ఒకే చోట, ఒకేలా తప్పు చేశాయి. ఎవరు నేర్పారో వాటికి!"

పూజిత కుర్చీలోంచి చటుక్కున లేచింది. పాత పుస్తకంలోని ఫొటో తీసింది. అందులో వరసలు ఛాతీ నుంచి కింద దాకా అవే. పొట్ట వెడల్పయ్యేకొద్దీ రంధ్రాలే పెద్దవవుతాయి. తన గుల్లల్లో రంధ్రాలు పెరగలేదు, వరసలు పెరిగాయి.

"అది తప్పు కాదండీ అత్తయ్యా, అదే తేడా! ఉన్నదున్నట్టు గీయండి."

చెప్పినంత తేలిక కాలేదు. సత్యలక్ష్మి పెన్సిల్ నడుం దాకా వచ్చి, అలవాటుగా తొమ్మిది వరసల్లోకే దిగిపోయింది.

"మళ్ళీ సర్దేశారండి."

"చెయ్యి ఒప్పుకోవట్లేదే."

రెండు కాగితాలు పాడయ్యాక ఆవిడ పెన్సిల్ పక్కన పడేసి, దారమూ లేసు సూదీ తెచ్చుకున్నారు. తల, ఛాతీ అల్లి, నడుం దగ్గర ఆ గుల్ల చేసినట్టే వరసలు పెంచారు. టేబుల్ మీద పరిస్తే, ఆవిడ అన్నట్టే ముడతలు పడింది. గెలిచినట్టు కోడలి వైపు చూశారు. తరవాత ఏమనుకున్నారో, దాన్ని వేలికి తొడిగారు. గంటలా నిలబడింది. ఒక్క ముడత లేదు.

"ఓసి దీని తెలివి! ఇది పరిచే గుడ్డ కాదు, నిలబడే గుల్ల. దీనికి ఇలాగే పెంచాలి."

ఆ తరవాత మళ్ళీ పెన్సిల్ పడితే చెయ్యి మొరాయించలేదు. నడుం దాటింది, పొట్ట అయింది, అంచు దగ్గరికొచ్చింది.

"అక్కడ ఆపేయండి అత్తయ్యా. అంచు ఒక్కదానికీ మిగల్లేదు. చూడనిది గీయకూడదు."

"అంచు లేకుండా వదిలేయడమా!"

"చుక్కలు పెట్టి వదిలేద్దామండి."

మర్నాడు మేస్టారి దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. "ఇదీ తేడా అంటే! ఉపజాతి అని రాసేయండమ్మా. ఇంత స్పష్టంగా కనిపిస్తుంటే నిన్న ఎందుకు పంపలేదు?"

"నిన్న కొంచెం సర్దుబాటు జరిగిందండీ" అంది పూజిత, అత్తగారి వైపు చూడకుండా.

సత్యలక్ష్మి బొమ్మ చేతిలోకి తీసుకుని, అంచు దగ్గరి చుక్కలను అయిష్టంగా చూశారు.

"ఇది అచ్చవుతుందా?"

"అవుతుందండి. దేశదేశాల వాళ్ళూ చూస్తారు."

"వాళ్ళు చూస్తే ఫరవాలేదు. మా నరసాపురం వాళ్ళెవరైనా చూసి అడిగితే మాత్రం, అంచు మా కోడలు వేయనివ్వలేదని చెప్పేస్తాను."