ఐదో విమానానికి సాక్షి

ఇంకొక్క సంతకం, అంతే, నేను కూల్చిన ఐదో జర్మన్ విమానం ఖాయమైపోతుంది, సైనిక ప్రకటనలో నా పేరు అచ్చవుతుంది, లియోన్‌లో చెప్పులు కుట్టే నాన్న అది వచ్చినవాళ్లందరికీ చదివి వినిపిస్తాడు, నాలుగు దాకా ఎవడికీ పేరుండదు, నేల మీదివాడెవడో కళ్లారా చూశానని రాసివ్వకపోతే కూల్చినా కూల్చినట్టు కాదు, అందుకే మూడు రోజులుగా ఈ కందకాల్లో, మోకాలిలోతు బురదలో, కాగితం పట్టుకుని తిరుగుతున్నాను, కడుపులో మళ్లీ గుడగుడ, కందెనగా పోస్తే మా ఇంజన్లు మొహాన చిమ్మే ఆముదం మింగీ మింగీ మా దళంలో కడుపు నిలిచినవాడు లేడు, గేటాన్ అయితే ఎగిరే ముందు గుక్కెడు బ్రాందీ పట్టించి ఇదేరా ఫెర్నాన్ విరుగుడు అంటాడు, అనేవాడు, మంగళవారం పొద్దున తన రెండు సీట్ల విమానంలో పొగమంచులోకి వెళ్లి తిరిగిరాలేదు, అదే పొగమంచులో నేను జర్మన్ల రెండు సీట్లదాన్ని కూల్చాను, గేటాన్ పగ తీర్చావురా అని అందరూ వీపు తట్టారు, నేనూ తట్టించుకున్నాను, రెక్క మీద జర్మన్ల గుర్తు, నల్ల శిలువ, చూశానని రాశాను, చూసే ఉంటాను.

ఎట్టకేలకు దొరికాడు సాక్షి, కొరాంతిన్ అట, నెరిసిన మీసాల ముసలి సిపాయి, మేఘాల మీద పవళించే దొరలు మా బురదలోకి దిగారే అని ఎకసెక్కం, నవ్వాను, సంతకం కావాలి కదా, చూశాను బాబూ అన్నాడు, మంగళవారం, చక్కగా చూశాను, అదిగో రెండు ముళ్లకంచెల మధ్య పడి బూడిదైంది, దగ్గరికెవడు పోతాడు, గాలి ఇటు తిరిగితే మాత్రం కంపు, చిన్నప్పుడు మా అమ్మ ముక్కు మూసి పోసేది చూడండి, ఆముదం, అదే, అదేంటి సార్జెంటు గారూ, నేను చెబుతుంటే మీరు ఆముదం తాగిన మొహం పెట్టారు.

జర్మన్ల రెండు సీట్లవాటిలో ఆముదం పోయరు, వాళ్లది నేలలోంచి తీసే రాతినూనె, ఆ సంగతి నాకు తెలుసు, దళంలో ప్రతివాడికీ తెలుసు, ఈ ముసలాయనకే తెలియదు, పెన్సిలు నాలుకతో తడుపుకుంటున్నాడు, ఎక్కడ పెట్టమంటారు బాబూ సంతకం, ఇక్కడేనా, శిలువ కాదు, నేను చూసింది శిలువ కాదు, మంచులో ఒక నల్లటి నీడ, ఐదోది కావాలన్న నా ఆబ, వద్దు తాతా, పెట్టకు, ఏం బాబూ, చూశానంటున్నానుగా, నువ్వు చూసింది నిజమే తాతా, అది గేటాన్, వాణ్ణి నేనే చంపాను.