బండి యజమాని సంతకం

"అయితే ఇకమీదట నీ జీతం కారు నిలబెట్టుకోడానికే అన్నమాట!" అన్నాడు భర్త, పక్క సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకుంటూ.

ఆ మాట ఆయనకి తెగ నచ్చినట్టుంది. తనలో తనే నవ్వుకుని, రెండో మలుపు దగ్గర మళ్ళీ అన్నాడు. ఎదురుగా స్కూలు వ్యాను రివర్సులో వస్తోంది, వెనకెవడో హారన్ మీంచి చెయ్యి తియ్యడం లేదు, వెనక సీట్లో కూతురు షూ లేసులు ఊడిపోయాయని గోల. "బ్రేకు, బ్రేకు," అన్నాడు భర్త. ఆమె కాలు అప్పటికే బ్రేకు మీద ఉంది. ఆయనకి కారు నడపడం రాదు. రెండుసార్లు నేర్చుకోడానికి వెళ్ళి, రెండోసారి డ్రైవింగ్ స్కూలు వాళ్ళ గోడనే గుద్ది, ఇది మనుషులు చేసే పని కాదని తేల్చేసి వచ్చాడు. అప్పట్నించీ ఆ మనుషులు చెయ్యని పని ఆమె చేస్తోంది. నడపడం రాకపోయినా, ఎలా నడపాలో చెప్పడం మాత్రం ఆయనకి బాగా వచ్చు.

ఆయన్ని రైలు స్టేషన్లో దింపాలి. పిల్లని స్కూల్లో దింపాలి, మళ్ళీ తెచ్చుకోవాలి. అత్తగారి మోకాళ్ళకి ఫిజియోథెరపీ, ఇంటికి సరుకులు, ఆడపడుచు వస్తే ఎదురెళ్ళి తీసుకురావడం, వెళ్తే దిగబెట్టి రావడం. ఇదంతా కారు ఇంటికోసం తిరిగినట్టు. సాయంత్రం ఆమె కాలేజీకి వెళ్తే మాత్రం అది "నీ తిరుగుడు". పెట్రోలు మాట ఎప్పుడొచ్చినా, టైరు అరిగినా, అద్దం మీద గీత పడినా అన్నీ ఆ తిరుగుడు నెత్తినే పడతాయి. మొన్న బ్యాటరీ చచ్చిపోతే అత్తగారు, "పాపం, రోజూ కాలేజీకి తిరిగి తిరిగి అలిసిపోయింది," అంది. బ్యాటరీ మీద చూపించిన జాలి అది, కోడలి మీద కాదు.

చదువు మధ్యలో ఆగిపోయినవాళ్ళు, ఏదో ఒక పని చేసుకుంటూనే చదువుకుందామనుకునేవాళ్ళు చేరే కమ్యూనిటీ కాలేజీ అది. సాయంత్రాలు నర్సింగ్ అసిస్టెంట్ కోర్సు వాళ్ళకి ఆమె జీవశాస్త్రం చెబుతుంది. చూడకుండా బోర్డు మీద గుండె బొమ్మ ఒక్క గీతలో వేసేస్తుందని పిల్లలు ఆమెని గుండె మేడమ్ అంటారు. పిల్లలంటే పిల్లలు కారు, కొందరు ఆమెకంటే పెద్దవాళ్ళు. ఉద్యోగం పర్మనెంటు కాదు, గంటకింతని ఇస్తారు. కాలేజీకి సెలవొస్తే జీతం కూడా సెలవు పెడుతుంది. అయినా క్లాసులో ఉన్న ఆ రెండు గంటలూ ఆమె ఎవరి అమ్మా కాదు, ఎవరి కోడలూ కాదు. ఆ రెండు గంటల కోసమే మిగతా ఇరవై రెండూ ఈదుతోందని ఆమెకి తెలుసు. ఎవరికీ చెప్పదు.

పార్కింగ్ కబురు నిన్నటి స్టాఫ్ మీటింగులో ప్రిన్సిపాల్ చల్లగా చెప్పాడు. విద్యార్థులకీ స్టాఫ్‌కీ ఫీజు మూడింతలు చేశారు. పర్మనెంటు వాళ్ళకెంతో గంటల వాళ్ళకీ అంతే. నీడ ఉన్న షెడ్డు మాత్రం ఎప్పట్లాగే సీనియర్లది. పాసు లేకుండా వస్తే గేటు దగ్గర రోజూ కట్టాలి, అది ఇంకా ఎక్కువ. అక్కడిదాకా అందరూ గొణిగారు. ఆ తర్వాత వచ్చిన ముక్కకి ఎవరూ గొణగలేదు. పాసులు చేతులు మారుతున్నాయట, అందుకని ఇకనుంచి పాసు బండి యజమాని పేరు మీదే ఇస్తారట. నడిపేవాళ్ళు వేరైతే యజమాని స్వయంగా ఆఫీసుకొచ్చి సంతకం పెట్టాలట.

ఆ గదిలో మగవాళ్ళెవరికీ అందులో ఇబ్బంది కనబడలేదు. బండ్లు వాళ్ళవే కదా.

"సార్, మా క్లాసులో ఆడవాళ్ళు నడిపే బండ్లు చాలావరకు ఇంట్లో మగాళ్ళ పేర్ల మీద ఉంటాయి. నడిపేవాళ్ళ లైసెన్సు చూసి ఇవ్వొచ్చుగా?" అంది ఆమె.

"ఒక్క సంతకమే కదా మేడమ్! ఇంట్లో అడిగితే పెట్టరా?" అన్నాడు ప్రిన్సిపాల్.

"ముందు మంచి కూర వండి, తర్వాత అడగండి మేడమ్," అన్నాడు ఆఫీసు సూపరింటెండెంట్. అందరూ నవ్వారు. నవ్వులు ఆగాక ప్రిన్సిపాల్, "ఇది బోర్డు నిర్ణయం, నా చేతుల్లో ఏం లేదు. సాయంత్రం క్లాసుల ఆడవాళ్ళకి మీరే కాస్త సర్దిచెప్పండి. మీ మాటైతే వింటారు," అన్నాడు.

సర్దిచెప్పడం! పెళ్ళయిన దగ్గర్నించీ ఆమె చేస్తున్నది అదే. అలిగిన అత్తగారికి, విసుక్కున్న భర్తకి, ఏడ్చే పిల్లకి, అన్నిటికంటే ఎక్కువగా తనకి తను. సర్దుకోవడంలో డిగ్రీ ఇస్తే ఇంటికో గోల్డ్ మెడలిస్టు ఉండేది. ఇప్పుడు ఆ విద్య కాలేజీక్కూడా కావాలట, జీతం లేకుండా.

ఆ సాయంత్రమే క్లాసులో చెప్పింది. చెబుతుంటేనే నోరు చేదుగా అనిపించింది. అందరూ టైలరక్క అని పిలిచే ఆవిడ వెనక బెంచీలోంచి లేచి నిలబడింది. పగలంతా మిషను కుట్టి, నడుం పట్టుకుపోయి, ఎప్పుడూ బెంచీ చివర ఒక పక్కకి ఒరిగి కూర్చునే మనిషి.

"మేడమ్, స్కూటర్ మా ఆయన పేరు మీదుంది. ఆయనెక్కడున్నాడో నాకే తెలీదు. ఇంట్లోంచి పోయి నాలుగేళ్ళయింది. సంతకం ఎక్కడికెళ్ళి తెమ్మంటారు?"

క్లాసంతా ఘొల్లుమంది, టైలరక్క కూడా నవ్వింది. తర్వాత ఒక్కొక్కరూ మొదలెట్టారు. ఒకమ్మాయి బండి అన్నయ్యది. సంతకం కావాలంటే ముందు ఫోను చూపించమంటాడు. ఇంకో ఆవిడది మావగారిది. ఆవిడ కుట్లు, అల్లికలు నేర్చుకోడానికి వెళ్తోందనుకుంటున్నాడాయన. రోజూ గేటు దగ్గర కట్టే స్తోమత ఎవరికీ లేదు. చీకట్లో రోడ్డు మీద ఒంటరిగా వదిలేస్తే బండి ఉంటుందన్న నమ్మకం లేదు. బండి మానేద్దామంటే, ఆఖరి బస్సు క్లాసు అవకముందే వెళ్ళిపోతుంది. బండి లేకపోతే చదువు లేదు, అంతే. "మీరు మీ ఆయన్ని అడుగుతారా మేడమ్?" అంది టైలరక్క, ఎగతాళి కాదు, నిజంగానే తెలుసుకుందామని. ఆమె ఏదో గొణిగి బోర్డు వైపు తిరిగింది.

అడిగింది. స్టేషన్‌కి వెళ్తూ ఆయన వేసిన జోకు మింగి, రోజంతా ఆగి, రాత్రి భోజనాల దగ్గర అడిగింది.

"నా ఆఫీసు మానుకుని నీ కాలేజీకొచ్చి సంతకం పెట్టాలా?" అన్నాడు భర్త. తర్వాత కంచంలోంచి తలెత్తి, మంచి ఆలోచన తట్టినవాడిలా, "అసలెందుకు పెట్టాలి? మానెయ్. ఇంతకంటే మంచి సమయం దొరకదు. పెట్రోలూ పోగా, ఇప్పుడీ పార్కింగూ పోగా, నీకు మిగిలేదేంటి? నువ్వెళ్ళి వాళ్ళకి చదువు చెబుతుంటే నేను ఎదురు డబ్బు పెడుతున్నా. కారు నాది. దాన్ని కాలేజీకి పంపడం నాకిష్టం లేదు," అన్నాడు.

"వాడు నీ మంచికే చెబుతున్నాడమ్మాయ్," అంది అత్తగారు. "రేపు మధ్యాహ్నం నా ఫిజియోథెరపీ ఉంది, మర్చిపోకు. పోయినసారి ఎండలో ఆపావు, సీటు కాలిపోయింది."

ఆమె కంచాలు అవసరానికి మించి గట్టిగా తోమింది. దుఃఖం కాదు, కోపం. ఇన్నాళ్ళకి వచ్చిన నిఖార్సయిన కోపం. కారు కొన్నప్పుడు ఆయన ఆఫీసులో అప్పు తక్కువ వడ్డీకి వస్తుందని ఆయన పేరు మీద తీసుకున్నారు. "నీ పేరైతే ఏంటి, నా పేరైతే ఏంటి" అన్నాడప్పుడు. వాయిదాలు ఆమె గంటల జీతంలోంచే పోయాయి. ఆ రోజు ఏమీ తేడా లేని పేరు, ఈ రోజు ఉద్యోగం మాన్పించగలిగేదయింది. బతిమాలితే పెడతాడు, ఆమెకి తెలుసు. రెండు రోజులు ముభావంగా ఉండాలి, మూడో రోజు ఆయన చొక్కాలు ప్రత్యేకంగా ఇస్త్రీ చెయ్యాలి, ఆయన వరమిచ్చినట్టు వచ్చి పెట్టి, ఏడాది పొడుగునా ఆ సంగతి చెప్పుకుంటాడు. వచ్చే ఏడాది మళ్ళీ మొదలు. ఆమెకి కనీసం బతిమాలడానికి ఒక మనిషున్నాడు. టైలరక్క ఎవర్ని బతిమాలుతుంది? చెయ్యి తుడుచుకుని, క్లాసు వాళ్ళ ఫోను గ్రూపులో రెండు వాక్యాలు పెట్టింది. ఎవరూ ఎవరి సంతకమూ అడుక్కురావొద్దు. బండ్లన్నీ ఒక్కచోట రోడ్డు మీద పెట్టి నడిచి లోపలికి రండి.

మర్నాడు ఉదయం కారు తాళాలు తెచ్చి భర్త కాఫీ కప్పు పక్కన పెట్టింది.

"ఇదేంటి?"

"మీ కారు తాళాలు."

"నాకెందుకు? స్టేషన్‌కి టైమవుతోంది, పద."

"నడుపుకుంటూ వెళ్ళండి, లేకపోతే బస్సుంది. పిల్లని నేను నడిపించి తీసుకెళ్తాను. పిల్లొక్కతే ఇంట్లో మీ పేరు మీదా నా పేరు మీదా ఉంది."

ఆయన తల్లి వైపు చూశాడు. అత్తగారు కారు వైపు చూసింది. మధ్యాహ్నం ట్యాక్సీ పిలిచి దగ్గరుండి ఎక్కిస్తానంటే, ముక్కూమొహం తెలియనివాడి బండిలో ఎక్కనని అత్తగారు భీష్మించుక్కూర్చుంది. కోడలు బతిమాలలేదు. సాయంత్రం బ్యాగు తగిలించుకుని బస్టాపుకి నడిచింది. సగం దారిలో టైలరక్క స్కూటర్ ఆపి, "ఎక్కండి మేడమ్," అంది. పరారీలో ఉన్న మొగుడి బండి మీద ఇద్దరూ కాలేజీకి చేరారు.

కాలేజీ గోడ పొడుగునా రోడ్డు పక్కన బండ్లే బండ్లు. గుండె మేడమ్ క్లాసువే కాదు, కంప్యూటర్ క్లాసు వాళ్ళవి, వాళ్ళ ద్వారా తెలిసిన మగపిల్లలవి కూడా. లోపల పార్కింగ్ స్థలం ఖాళీ. షెడ్డులో సీనియర్ల కార్లు మాత్రం నీడలో ఉన్నాయి. ప్రిన్సిపాల్ మెట్ల మీదికి వచ్చి నిలబడ్డాడు.

"ఏంటి మేడమ్ ఇది? మిమ్మల్ని సర్దిచెప్పమన్నానా లేదా?"

"చెప్పాను సార్. సంతకాలు అడుక్కోవద్దని చెప్పాను. మీరన్నట్టే, నా మాట విన్నారు."

"మీరు గంటల మీద పనిచేస్తున్నారు. అది గుర్తుంచుకుని మాట్లాడండి."

ఆ మాటకి అర్థం ఆమెకి బాగా తెలుసు. వచ్చే టర్ముకి పిలవకపోతే అడిగే దిక్కు లేదు. అయినా తలొంచలేదు. "గుర్తుంది సార్. క్లాసుకి టైమయింది," అని మెట్లెక్కింది.

వరండాలో ఉండగా ఫోను మోగింది. భర్త. బస్సు పట్టుకుని ఆఫీసుకి ఆలస్యంగా వెళ్ళాడట, మాట పడ్డాడట. ఇంటికొస్తే అమ్మ మోకాళ్ళు పట్టుకుని కూర్చునుందట. గొంతులో కోపం సగం, అలసట సగం. "సరే, నువ్వే గెలిచావనుకో. ఒక్క సంతకమే కదా, రేపొచ్చి పెడతాను. ఈ పంతాలు ఆపి ఇంటికొచ్చి కారు తియ్యి."

నిన్నటిదాకా ఆమె కోరుకున్నది ఆ మాటే. రెండడుగుల దూరంలో క్లాసు గుమ్మం దగ్గర టైలరక్క నడుం మీద చెయ్యేసుకుని నిలబడి ఉంది. లోపల గుసగుసలు ఆగిపోయాయి. అందరూ వింటున్నారు.

"వద్దండీ," అంది.

"ఏం వద్దు?"

"సంతకం పాసు మీద వద్దు. కారు నా పేరుకి మార్చే కాగితాల మీద పెట్టండి. అప్పటిదాకా మీ కారుని నేను ముట్టుకోను."