రెండో కుర్చీ

ఆ వృద్ధుల నివాసంలో గోడ గోడకీ గడియారం ఉంది గానీ, వాటి మొహం చూసేవాళ్ళెవరూ లేరు. స్టేషన్ మాస్టరూ పళ్ళ డాక్టరూ ముందు హాల్లో తగువు మొదలెట్టారంటే కాఫీ వేళ అయినట్టు. జడ్జిగారు వాయిదా వేశారంటే స్నానాలకి లేవొచ్చని లెక్క.

ఇంతకీ తగువు దేనికయ్యా అంటే, ఒక కుర్చీకి. నవ్వకండి, రాజ్యాలు కూలింది కూడా కుర్చీల కోసమే. కిటికీ పక్కనుండే పాత టేకు కుర్చీ అది. అందులో కూర్చుంటే మోకాళ్ళ మీద ఎండ పడుతుంది, గేటు తీసుకుని ఎవరొస్తున్నారో అందరికంటే ముందు తెలుస్తుంది. ముందొచ్చిన బండికే ప్లాట్‌ఫారం అని స్టేషన్ మాస్టరు వాదన. బండి ప్లాట్‌ఫారం మీద ఆగాలి గానీ కాపురం పెట్టకూడదని డాక్టరు వాదన. ఈ డాక్టరుగారు జీవితమంతా ఎదుటివాడి నోట్లో చెయ్యిపెట్టి మాట్లాడిన మనిషి. ఎదురు జవాబు వినే అలవాటు ఆయనకి బొత్తిగా లేదు.

స్టేషన్ మాస్టరు భార్యని అందరూ నర్సమ్మ అంటారు. ఎముకల వార్డులో పిండికట్లు వేసీ కోసీ తల నెరిసిన మనిషి. రోజూ పొద్దున్నే మొగుడు గడ్డం గీసుకుని, నీలం చొక్కా వేసుకుని, అద్దం ముందు ఆ రోజు అనబోయే మాటలు గొణుక్కుంటూ ఉంటే ఆవిడ మంచం దులుపుతూ వినేది. పెళ్ళిచూపులకి కూడా ఈయన ఇంత తయారవలేదు కదా అనుకునేది. ఒళ్ళు మండేది కూడా. కానీ కాలరు సరిచేసి పంపేది.

హాల్లో అప్పటికే జనం కూడి ఉండేవారు. జడ్జిగారు ఇరుపక్షాలూ విని, కళ్ళజోడు తుడుచుకుని, రేపటికి వాయిదా అనేవారు. తీర్పు చెప్పే ఉద్దేశం ఆయనకి ఏ కోశానా లేదు. టైపిస్టమ్మ తను ఆ ఇంట్లో చేరకముందు జరిగినవాటికి కూడా ప్రత్యక్ష సాక్షి. బ్యాటరీ దండగని చెవి మిషను రోజంతా డబ్బాలో దాచుకునే పెద్దాయన ఈ కాసేపు మాత్రం పెట్టుకునేవాడు. మోకాళ్ళ నొప్పులని అన్నం కూడా పైకే తెప్పించుకునే మేడమీదావిడ, ఈవేళ సాక్ష్యం ఉందంటే లేడిపిల్లలా దిగొచ్చేది. కొత్తగా ఎవరైనా చేరితే షుగరుందా, బీపీ ఉందా అని ఎవరూ అడిగేవారు కాదు. ఎవరి వైపు అని అడిగేవారు. ఇస్త్రీ అతనికి బట్టల మూటలు మొయ్యలేక నడుం పట్టేసేది. కోర్టుకి నలిగిన బట్టల్తో వెళ్తారా ఎవరైనా?

ఇలా సుఖంగా సాగుతున్న కాపురంలోకి కొత్త మేనేజరమ్మాయి వచ్చింది. పెద్దవాళ్ళు ఒంటరిగా ఉండకూడదు, నలుగురితో కలివిడిగా ఉండాలి, అదీ ఆ అమ్మాయి ఉద్యోగం. రెండో రోజుకే కలివిడమ్మ అని పేరు పడిపోయింది. బుడగల ఆట పెట్టింది, ఒక్కరూ రాలేదు. నవ్వుల తరగతి పెట్టింది, తనొక్కతే నవ్వుకుంది. పాపం, మంచి పిల్లే. జనమంతా ఏమయ్యారా అని వెతుక్కుంటూ హాల్లోకి వచ్చి చూస్తే, ఇద్దరు తాతలు వేళ్ళు చూపించుకుంటూ అరుచుకుంటున్నారు, మిగతావాళ్ళు చుట్టూ కూర్చున్నారు. ఆ అమ్మాయికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఈ గొడవ భరించలేకే కాబోలు ఎవరూ తన ఆటలకి రావట్లేదు, ఈ మాత్రం చిక్కు ఇన్నాళ్ళూ ఎవరూ విప్పలేదేమిటి అనుకుంది.

విప్పేసింది. వడ్రంగిని పిలిపించి, అదే టేకు, అదే పాలిష్, అదే అరిగిన చేతులతో సహా అచ్చుగుద్దినట్టు రెండో కుర్చీ చేయించింది. కిటికీ దగ్గర రెండూ పక్కపక్కన వేయించింది. పైన గోడకి "పోరు నష్టం, పొందు లాభం" అని రాసిన గుడ్డ కట్టించింది. ఇద్దరి చేతులూ కలిపి, తనే చప్పట్లు కొట్టింది. జడ్జిగారు ఇక చేసేదేమీ లేక వ్యాజ్యం కొట్టేశానని చెప్పి, కర్ర తీసుకుని గదికి వెళ్ళిపోయారు.

మర్నాడు ఇద్దరూ చెరో కుర్చీలో కూర్చున్నారు. ఎండ ఇద్దరి మోకాళ్ళ మీదా పడింది. గేటు ఇద్దరికీ కనిపించింది. కాసేపయ్యాక డాక్టరు ఎండ బాగుందన్నాడు. స్టేషన్ మాస్టరు బాగుందన్నాడు. అంతే, ఆ పూటకి సరుకు అయిపోయింది.

తర్వాతి సంగతి చెప్పాలంటే నాకే విసుగు. మేడమీదావిడ మోకాళ్ళు మళ్ళీ పట్టేశాయి. చెవి మిషను డబ్బాలోకి పోయింది. టైపిస్టమ్మకి చూసినవి కూడా గుర్తు రావడం మానేశాయి. ఇస్త్రీ అతను ఖాళీ బల్ల ముందు కూర్చుని ఈగలు తోలుకున్నాడు. కలివిడమ్మ మాత్రం ఇల్లెంత ప్రశాంతంగా ఉందో అని మురిసిపోయి, ఇంకో రెండు బుడగల సంచులు తెప్పించింది.

స్టేషన్ మాస్టరు ముందు గడ్డం గీసుకోవడం మానేశాడు. తర్వాత హాల్లోకి వెళ్ళడం మానేశాడు. ఆ తర్వాత గోడవైపు తిరిగి పడుకున్నాడు. పిలిస్తే ఊఁ అంటాడు, అన్నం పెడితే రెండు ముద్దలు తిని చాలంటాడు. నాడి, గుండె, ఊపిరితిత్తులు అన్నీ భేషుగ్గా ఉన్నాయని చెప్పి వైద్యుడు వెళ్ళిపోయాడు. నర్సమ్మకి అక్కడే భయం పట్టుకుంది. వార్డులో ఆవిడ చూడని మనిషా? ఎముక అతుక్కున్నా కాలు కిందపెట్టనని మొండికేసిన మనిషి మొహం ఎలా ఉంటుందో ఆవిడకి తెలుసు. వాళ్ళలో కొందరు లేచారు. కొందరు లేవలేదు. నా మొగుడు నా కళ్ళముందే ఆరిపోతున్నాడు అని ఆవిడ స్నానాలగదిలో కుళాయి తిప్పి ఏడ్చింది.

ఏడిస్తే పనులవుతాయా? ఎగదోసి చూద్దామనుకుంది. ఏమండీ, ఆ డాక్టరు మిమ్మల్ని దద్దమ్మ అన్నాడట అని అబద్ధం చెప్పింది. ఈగ వాలినా ఒంటికాలి మీద లేచే మనిషి, అననీలే పాపం అన్నాడు. ఆ "పాపం" ఆవిడని ఏ రోగం కంటే ఎక్కువ భయపెట్టింది. ఇది చాలదన్నట్టు కలివిడమ్మ నవ్వుల బృందాన్ని గదిలోకే తీసుకొచ్చింది. నలుగురు ముసలివాళ్ళు మంచం చుట్టూ నిలబడి, ఆ అమ్మాయి చెయ్యెత్తినప్పుడల్లా హహహ అన్నారు. మంచం కోడుకి ఎర్ర బుడగ కట్టి వెళ్ళారు.

ఆ మధ్యాహ్నమే పళ్ళ డాక్టరు గుమ్మం దగ్గరికొచ్చి నిలబడ్డాడు. లోపలికి రాలేదు. నర్సమ్మని వరండాలోకి పిలిచాడు. చూస్తే ఆయన గడ్డమూ మాసే ఉంది, చొక్కా గుండీలు ఒకదాని కాజాలో ఒకటి పెట్టుకున్నాడు.

"చెల్లెమ్మా, ఆ కుర్చీ నాకొద్దు. రెండూ ఆయన్నే తీసుకోమను. లేచి వచ్చి నన్నో మాట తిడితే చాలు. పొద్దున లేస్తే ఎవరితో మాట్లాడాలో తెలియట్లేదు నాకు."

"ఇస్తే లేవరు అన్నయ్యగారూ," అంది నర్సమ్మ. "లాక్కుంటే లేస్తారు."

ఆయన తెల్లమొహం వేశాడు. ఆవిడకి మాత్రం ఏం చెయ్యాలో తోచింది.

భోజనాలయ్యాక ఆ ఇల్లంతా కునుకు తీస్తుంది, దొంగలు పడ్డా తెలియదు. నర్సమ్మ తోటమాలి దగ్గర చిన్న రంపం అడిగి తెచ్చుకుంది. హాల్లో నేలమీద చతికిలబడి, డాక్టరు కుర్చీని పడుకోబెట్టి, కాలు ఒళ్ళో పెట్టుకుంది. ఎన్ని పిండికట్లు కోసిన చెయ్యి! నొప్పేం ఉండదు నాయనా, కదలకు అని అలవాటుకొద్దీ కుర్చీకి ధైర్యం చెప్పింది. గోరంత ముక్క రాలింది. తీసి కొంగున కట్టుకుంది.

మర్నాడు డాక్టరు కుర్చీలో కూర్చోగానే అది టక్కుమంది. ముందుకి వంగితే టక్, వెనక్కి వాలితే టక్. ఆయన వంగి కుర్చీ కాళ్ళవంక చూశాడు. దూరంగా నిలబడ్డ నర్సమ్మవంక చూశాడు. మెల్లగా మొహం వెలిగింది. లేచి నిలబడి, గది గదికీ వినపడేలా గొంతెత్తాడు.

"అసలు కుర్చీ ఏదీ? నా అసలు కుర్చీ లాగేసుకుని ఈ కుంటిది నాకు అంటగట్టాడు ఆ స్టేషన్ మాస్టరు!"

నర్సమ్మ గదికి పరుగెత్తేసరికి మొగుడు గోడవైపు లేడు. మంచం మీద లేచి కూర్చుని ఉన్నాడు.

"ఏమంటున్నాడే వాడు? మంచాన పడున్న మనిషిని, నేను మార్చానా? నా చొక్కా ఏదీ?"

నీలం చొక్కా ఉండచుట్టి మూలన పడుంది. అలాగే తొడుక్కున్నాడు. మంచం దిగాడు. మొదటి అడుగు తూలింది, ఆవిడ పట్టుకోబోతే చెయ్యి విదిలించుకున్నాడు. బుడగ అడ్డొస్తే దాన్నీ తిట్టాడు. నర్సమ్మ ఇక ఆపుకోలేక, ఏడుస్తూ నవ్వుతూ వెనకాలే నడిచింది.

హాల్లో తిరనాళ్ళే. జడ్జిగారు వ్యాజ్యం తిరగదోడారు. రెండిట్లో ఏది పాతది, ఏది కొత్తది అన్నది ఇప్పుడు విచారణ. కొత్త కుర్చీ చెక్కుతుండగా తను చూశానని, పాత కుర్చీ కూడా చెక్కుతుండగానే చూశానని టైపిస్టమ్మ చెప్పింది. మేడమీదావిడ రెయిలింగు పట్టుకోకుండా దిగొచ్చింది. కలివిడమ్మ పరుగెత్తుకొచ్చి, చేతులు జోడించి, గొడవ పడొద్దు, మూడో కుర్చీ చేయిస్తానంది. వద్దని హాలంతా ఒక్క గొంతుతో అంది. అన్నాళ్ళూ ఆ అమ్మాయి తపించిన ఐకమత్యం అదే, ఆ క్షణాన వచ్చింది.

నర్సమ్మ ఆ పిల్ల చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. తల్లీ, నువ్వెవరి వైపు అని అడిగింది. నేనెవరి వైపూ కాదు అమ్మమ్మా అంది ఆ అమ్మాయి. అలా అంటే ఇక్కడ ఎవరూ పలకరించరే అని నర్సమ్మ చెవిలో చెప్పింది. అమ్మాయి చుట్టూ చూసింది. అందరూ ముందుకి వంగి కూర్చున్నారు, అందరి మొహాలూ వెలుగుతున్నాయి. ఆ టకటకలాడేదే పాతదేమో జడ్జిగారూ అని చిన్న గొంతుతో అంది. డాక్టరు వైపువాళ్ళు అభ్యంతరమంటూ లేచి కేకలేశారు. జడ్జిగారు కళ్ళజోడు తుడుచుకుని రేపటికి వాయిదా వేశారు.

ఆ సాయంత్రం స్టేషన్ మాస్టరు రెండోసారి పెట్టించుకుని తిన్నాడు. తిన్నంతసేపూ డాక్టరుని తిట్టాడు. వాణ్ణి అన్నయ్యా అని పిలిచి నాకు బావమరిదిని చేశావు కదే అని పెళ్ళాన్నీ తిట్టాడు. ఆవిడ హాయిగా విన్నది. తర్వాత మంచం కిందకి చెయ్యిపెట్టి, ఆవిడ చెప్పులు తీసి, గుమ్మం బయట దులిపాడు. రంపప్పొట్టు రాలింది.

 ఆయన చెప్పులు తీసుకొచ్చి ఆవిడ కాళ్ళ దగ్గర పెట్టాడు.

"వెనక కాలు కోశావు. మనిషి వెల్లకిలా పడతాడే. వాడికి అసలే నడుం బాగోదు. ఈసారి కొయ్యాల్సొస్తే ముందుది కొయ్యి."

అని, ఒంటిమీది నీలం చొక్కా విప్పి ఆవిడ చేతికిచ్చాడు. పొద్దున్నే ఇస్త్రీకి పంపమన్నాడు.